రెండు నూళ్లు

బట్టల బజార్ల ఎనిమిదడుగుల గల్లీ.
బోర్డేమో పన్నెండడుగులు.
పగలు మనిషిని మనిషి ఒరుసుకుంటనే నడుస్తరు,
బోర్డుకు తొవ్వ ఎక్కడిది?
రాత్రి ఒంటిగంటకు రమ్మన్నడు గందె సేటు.
లైన్‌మన్ ఓదెలు రెండు గంటలే కరెంటు తీస్తనన్నడు,
వెనుక గల్లీల ఎవరికో ఆక్సిజన్ మిషన్ నడుస్తదట.

నేను, అన్వర్, మా బామ్మర్ది కొమురెల్లి.
ట్రాలీ ఆటో మూలమీదనే ఆగిపోయింది.
అక్కడికెల్లి శవాన్ని మోసినట్టు మోసినం.
ఆ మాట నేనంటే
"కాదు భాయ్, దూల్హాను" అన్నడు అన్వర్.
మలుపు కాడ దూల్హా తిరగడు.
పండవెడితే గోడ.
నిలవెడితే తీగెలు.
కడుపు లోపలికి గుంజుకొని, ఏటవాలుగ,
ఎవరిదో స్కూటర్ ఎత్తి అరుగుమీద వెట్టి,
జానెడు జానెడు జరిపినం.
ఒక కుక్క మా ముందు వెనకకు నడుసుకుంట
ట్రాఫిక్ పోలీసు లెక్క మొరిగింది.

నిచ్చెనకు కాళ్లు చాపే జాగ లేదు.
నిటారుగ ఏస్తే
ఎక్కినోని వీపు ఎదురింటి గోడకు తాకుతది.
మిద్దెమీదికి పోయి రెండు మోకులు ఇడిసినం.
డంగుసున్నం గోడ పాతది,
బ్యాటరీ డ్రిల్లు దిగితే జొన్నపిండి రాలినట్టు రాలె,
మూడు బొక్కలు దండుగ,
నాలుగో దానికి ఇటుక దొరికింది.

సేటు బిడ్డ పేరు జ్యోత్స్న.
ఇంకో పేరే దొరకలేదా సామీ!
ఇంగ్లిషు అక్షరాలు గీత మీద
బుద్ధిగ కూసుంటయి, రెండడుగుల పట్టీ చాలు.
మన అక్షరానికి కింద కాలు,
కాలు కింద ఇంకో కాలు.
షట్టర్ డబ్బాకు సరిగ్గ న ఒత్తు తగులుతున్నది.
"ఆ ఒక్కటి కోసేద్దామా బావా?" అన్నడు కొమురెల్లి.
పిల్ల రేపు బడికెల్లి వచ్చి చూసుకోదా?
బ్రాకెట్లన్నీ ఇప్పి
రెండంగుళాలు మీదికి లేపినం.
అర్ధగంట పోయింది.

సెల్‌ఫోన్ టార్చి కింద లెవెల్ వెడితే
బుడగ నడుమనే ఉన్నది.
బోర్డు మాత్రం వంకర కొడుతున్నది.
మిద్దె వంగిందో, కన్ను వంగిందో
దూరం జరిగి చూద్దామంటే
ఈ గల్లీల దూరమే లేదు.

అప్పుడు తెరుచుకుంది ఎదురు కిటికీ.
రాంబాయవ్వ.
నలభై ఏండ్లు కొత్తవాడల జంపఖానాలు నేసిన మనిషి.
మా చప్పుడుకు లేచి ఎంతసేపు చూసిందో ఏమో,
"కుడిదిక్కు రెండు నూళ్లు దిగింది బిడ్డా.
నీ బుడగను నమ్మకు, పైన సజ్జనే వంగి ఉన్నది.
సజ్జను చూసి కట్టు."

అంగుళంల ఎనిమిదో వంతును
మా పనిలకూడ నూలనే అంటం.
ఏ నూలో ఎన్నడు సోంచాయించలే.
నట్టు తిప్పిన. ఇంక జర. ఇంక.
"ఆ... సాలు" అన్నది.
బోర్డు గోడకు పుట్టినట్టు కుదిరింది.

"అవ్వా, ఏం రాసుందో సదువుతవా?"
"సదువు రాదు బిడ్డా,
అంచు వస్తది."

మూడుంబావుకు కరెంటు ఇచ్చిండు ఓదెలు.
అక్షరాలు ఒక్కపారి భగ్గుమన్నయి.
కింద నిలవడ్డ మాకు
ఒత్తుల అరికాళ్లు తప్ప ఏం కనవడలే.
గల్లీ మొత్తంల ఆ పేరును నిండుగ చూసేది
ఆమె కిటికీ ఒక్కటే.
గులాబీ వెలుతురు ఆమె మంచం దాక,
గోడకున్న సచ్చిన పెనిమిటి ఫోటో దాక పోయింది.
చెయ్యి అడ్డం వెట్టుకొని నిలవడ్డది జరసేపు.
ఏమనలే.
లోపలికి పోయి పాత జంపఖానా తెచ్చి
కిటికీకి కట్టుకున్నది.
వెలుతురు దాని చారల సందుల నుంచి
పోనే పోతున్నది.

సేటు రాత్రి పదకొండు దాక వెలగాలన్నడు.
సామాన్లు సదురుకుంట సదురుకుంట
టైమర్ ముల్లును తొమ్మిదిన్నరకు తిప్పిన.
అడిగితే చెప్త,
చైనా మాలు సేటూ,
గట్లనే ఉంటదని.