ముగ్గురికి ఒకటే గది

ఎలిసియోకి ఆఖరి నిమిషంలో డ్యూటీ పడింది.
టికెట్లు వాపసు తీసుకోరట.
అలా, అతని అమ్మకీ నాన్నకీ మధ్య సీట్లో నేను,
కుబావో నుంచి రాత్రి పదకొండింటి బస్సులో,
ఒళ్లో ఉడికించిన గుడ్ల పొట్లంతో.

పెళ్లయి పద్నాలుగు నెలలు.
ఇన్నాళ్లూ మా మాటలన్నీ అతని మీదుగానే నడిచాయి,
పాతకాలం టెలిఫోను ఎక్స్ఛేంజిలా.
"దానికి చెప్పు, అన్నం మెత్తబడిందని."
"అమ్మకి చెప్పు, ఈసారి నీళ్లు తగ్గిస్తానని."
ఆ ఎక్స్ఛేంజి ఇప్పుడు మనీలాలో
ఏదో ఆసుపత్రి జనరేటరు పక్కన కూచుని ఉంది.

ముప్ఫై ఏళ్లు జీప్నీ తోలిన మనిషి మామగారు.
ఇంకొకడు బండి నడుపుతుంటే చూడలేడు.
ఘాట్ రోడ్డు ప్రతి మలుపులో
లేని బ్రేకుని కుడికాలితో తొక్కుతూ ఆయన,
ప్రతి మలుపుకీ సిలువ గుర్తు వేసుకుంటూ ఆవిడ,
చెవులు దిబ్బడేసి, ఇద్దరి మోచేతుల మధ్యా నేను.
బహుశా అందుకే క్షేమంగా చేరాం.

బాగ్యోలో ఇంకా తెల్లారలేదు.
పైన్ చెట్ల వాసన అంటారు గానీ
ముందు తగిలింది డీజిలు,
తర్వాత ఎవరో వేయిస్తున్న వెల్లుల్లి.
రెండు గదులన్న లాడ్జివాడు ఒకటే ఇచ్చాడు.
మూడు మంచాలు. రెండు దుప్పట్లు.

బర్న్‌హామ్ చెరువులో హంస పడవలు.
"ఆ మెడ చూస్తేనే కళ్లు తిరుగుతాయి" అని ఆవిడ గట్టునే ఉండిపోయింది,
చేతిసంచీ గుండెకి హత్తుకుని.
నేనూ మామగారూ తొక్కాం.
పావుగంట సేపు మౌనం, నీళ్ల చప్పుడు.
అప్పుడాయన, మొట్టమొదటిసారి నేరుగా నాతో:
"నీ వైపు కాస్త తగ్గించమ్మా,
గుండ్రంగా తిరుగుతున్నాం."

సంతలో అత్తగారు పన్నెండు చీపుళ్లు చూసింది.
ఒక్కొక్కటీ విదిలించి, నూగు ఎంత రాలుతుందో లెక్కగట్టి,
పిడి మీద ఎరుపూ పసుపూ అల్లికతో ఊరి పేరు రాసి ఉన్నది ఏరి,
బేరమాడి, డబ్బిచ్చి,
నా వైపు చాపింది.
"నీకు."

అందుకున్నాను. నవ్వాను కూడా.
లోపల మాత్రం ఫ్రిజ్ వెనక మూల గుర్తొచ్చింది,
ఓ ఆదివారం చెప్పకుండా వచ్చి
మా కిటికీ గట్టు మీద ఆవిడ రాసి చూసుకున్న వేలు గుర్తొచ్చింది.
మిగిలిన మధ్యాహ్నమంతా
స్ట్రాబెర్రీలు ఏమీ రుచించలేదు.

రాత్రి ఆవిడ ముడి విప్పింది.
నడుము దాకా జుట్టు, సగం నెరిసి.
ఇంట్లో ఎన్నడూ చూడలేదు.
కిటికీ దగ్గర గ్లాసులో మామగారి పళ్లు,
ఆయనకన్నా ఎక్కువ నవ్వుతున్నాయి.
ఒక దుప్పటి ఆయన గురకకి పోగా
రెండోది ఆవిడ అడ్డంగా పరిచి
రెండు మంచాలనీ దగ్గరకి లాగింది.
ఇనప కాళ్లు కీచుమన్నాయి.

"నిద్రపోయావా, దివినా?"
ఊపిరి బిగబట్టాను.
"మా అత్త కూడా నాకిక్కడే కొంది చీపురు.
తిరుగు బస్సులో కావాలనే మర్చిపోయాను."
బయట మంచు వీధి దీపాన్ని మింగేసింది.
"నువ్వూ మర్చిపోతే ఏమీ అనుకోను."

ఏమనాలో తెలియలేదు.
దుప్పటి కొస ఆవిడ వైపు కొంచెం జరిపాను.
ఆవిడ వెనక్కి జరిపింది.

దిగేటప్పుడు మలుపులన్నీ నిద్రలోనే పోయాయి.
కుబావోలో కళ్లు నులుముకుంటూ దిగాక చూస్తే
చీపురు మామగారి చంకలో ఉంది.
నేను మర్చిపోయానో, వదిలేశానో
నాకే తెలియదు. ఎవరూ అడగలేదు.

యూనిఫాంలోనే వచ్చాడు ఎలిసియో.
మా ముగ్గురి మొహాలూ వరసగా చూసి,
భుజాల మీది నూగు చూసి,
"ఎలా గడిచింది?" అన్నాడు, భయంభయంగా.

"గుండ్రంగా తిరిగాం" అన్నాడు మామగారు.
అత్తగారు నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
అతను నా వైపు తిరిగాడు, అర్థం చెప్పమన్నట్టు.