తూర్పు: పంట బోదె

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
పేరిశాస్త్రి గారి రేకుల కొట్టులో
ఆరేళ్లుగా ఊరందరి హద్దులూ టైపు చేస్తున్నాను.
తూర్పు: పంట బోదె. దక్షిణం: ఫలానా వారి కొబ్బరి తోట.
పడమర: నడక దారి. ఉత్తరం: విక్రయదారు మిగులు భూమి.
ఎన్ని వేల గజాలు నా వేళ్ల కిందనుంచి వెళ్లాయో,
గోళ్లలో మాత్రం ఎప్పుడూ మట్టి లేదు,
ఇంకుప్యాడు నీలం తప్ప.

జీతం పన్నెండు వేలు. అందులో నాలుగు చీటీకి.
ఇరవై మూడో ఏట పాడాను,
చేతికొచ్చింది లక్షా డెబ్భై.
అమ్మ "గొలుసు" అంది.
నేను "స్థలం" అన్నాను.
ఆ మాట కొత్త చెప్పులా కాస్త కరిచింది.

మొదట వెళ్లింది హైవే పక్క వెంచరుకి.
రంగు జెండాలు, సిమెంటు ఆర్చి, ఫ్రీగా బిర్యానీ పొట్లం.
టై కట్టుకున్న కుర్రాడు నన్ను "మేడమ్" అన్నాడు,
జన్మలో మొదటిసారి.
ఆ ఒక్క మాటకే పదివేలు బయానా ఇచ్చేశాను.
మర్నాడు ఈసీ తీస్తే
ఆ ముప్పై ఏడో నంబరు ప్లాటు
నాకన్నా ముందు ఇద్దరు మేడమ్‌లది.
అందులో ఒకదానికి సాక్షి సంతకం
నాదే.

శాస్త్రిగారు నవ్వలేదు, తిట్టలేదు.
"టైపు చేస్తావు గానీ చదవవు.
ముందు కాయితం చదువు, తర్వాత నేల.
ఎండాకాలంలో అన్ని స్థలాలూ మెరకేనమ్మా,
వానల్లో వెళ్లి చూడు" అన్నారు,
కళ్లద్దాలు పంచె చెంగుతో తుడుచుకుంటూ.

శ్రావణమంతా ఆదివారాలు
హేమదుర్గ స్కూటీ వెనక కూర్చుని
మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి చూశాను.
ఒకచోట ప్లాటులో బాతులు ఈదుతున్నాయి.
"ఆయ్, రెండు లారీల గ్రావెల్ పడితే సరండి" అన్నాడు బ్రోకరు బుల్లియ్య.
"బాతులకేం చెప్తారండి?" అంది హేమదుర్గ.
ఇంకోచోట పక్కనున్న రొయ్యల చెరువు
ఇంటి గోడల్ని మోకాలెత్తు దాకా కొరికేసింది.
బోరు నీళ్లు నాలిక మీద వేసుకున్నాను:
ఊరేసిన మామిడికాయ ఊట.

ఆ నెల్లోనే వచ్చాడు నల్లా ఏసురత్నం,
ఏటా వచ్చినట్టే,
తన ఎకరం ముప్పై సెంట్ల లంక భూమికి ఈసీ తీయించుకోవడానికి.
అది వశిష్ఠలో కలిసి పదకొండేళ్లు.
కాయితం మీద మాత్రం నాలుగు హద్దులూ నిక్షేపంలా ఉన్నాయి.
"ఎందుకు బాబాయ్, డబ్బులు దండగ" అంటే
"గోదారి ఇంకెవరికీ అమ్మలేదు కదమ్మా,
అదే చూసుకుంటాను" అన్నాడు.
తడవకుండా కవరు చుట్టి
జేబులో పెట్టుకున్నాడు.

చివరికి శివకోడు దాటాక, బోదె గట్టున
రెండున్నర సెంట్లు. హేమదుర్గా నేనూ చెరి సగం.
ముప్పై ఏళ్ల ఈసీ రెండుసార్లు తీశాను.
అమ్మేవాడి అక్క సంతకం లేదని
పాలకొల్లు పోయి పెట్టించుకొచ్చాను.
పెన్ను పట్టుకుని అడిగింది ఆవిడ:
"అక్కడ సపోటా చెట్టుండేది, ఉందా?"
లేదన్నాను.
పెట్టేసింది.

ఆ రోజు నా దస్తావేజు నేనే టైపు చేశాను.
వేలసార్లు కొట్టిన మాటే, "కొనుగోలుదారు",
దాని పక్కన నా పేరు తప్పు పడింది.
రెండుసార్లు.

లాభమెంతని అడుగుతారు అందరూ.
ఇప్పటికి ఒక లారీ మట్టి, ఒక సున్నం రాయి,
పొద్దున్నే దాని మీద కూర్చునే లకుముకి పిట్ట,
అది అద్దె ఇవ్వదు.
పోయిన వారం బోదె పొంగి రాయి ఒరిగితే
ఇద్దరం వెళ్లి నిలబెట్టాం.
తిరిగొచ్చి కీబోర్డు మీద చెయ్యి పెట్టగానే
శాస్త్రిగారు నా గోళ్లు చూసి
"కడుక్కురా" అన్నారు.

కాసేపాగి కడుక్కున్నాను.