తొక్కి పట్టుకో

రామవరప్పాడు రింగు దగ్గర ఆ రోజు
సైకిలు క్యారియర్‌కి జానెడు దూరంలో ఆగింది నా ఓమ్నీ.
ఆగింది అనడం కూడా గొప్పే.
రెండు కాళ్ళూ పెడలు మీద పెట్టి
సీట్లోంచి లేచి నిలబడ్డంత పని చేస్తే
అప్పుడు ఆగింది.
సైకిలాయన వెనక్కి తిరిగాడు. తిట్టలేదు.
బండి మూతి మీద అరచెయ్యి ఆనించి
గేదెని తోసినట్టు ఓసారి తోసి
తన దారిన పోయాడు.
తిట్టి ఉంటే సాయంత్రానికి మర్చిపోయేదాన్ని.

లోపల పదకొండు మంది పిల్లలు,
పదకొండు నీళ్ళ సీసాలు, చుట్టిన చార్టు ఒకటి.
ఎవరికీ ఏమీ తెలీలేదు.
"పాటల డబ్బా ఎప్పుడు కొంటావాంటీ?"
అన్నాడు రెండో క్లాసు తరుణ్‌తేజ.

చీటీ పాడాను.
పాట పోను చేతికొచ్చింది తొమ్మిది వేల నాలుగొందలు.

ఆటోనగర్‌లో, లేతు మిషన్ల వీధి చివర
నాగుల్‌మీరా షెడ్డు.
బండి కిందికి దూరి చాలాసేపు పలకలేదు.
బయటికొచ్చి చేతులు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ
"కొత్త కారు బ్రేకులు కావాలంటే
కొత్త కారే కొనాలక్కా.
ఉన్నదాంట్లో కానిద్దాం" అన్నాడు.
ప్యాడ్ల పెట్టె అట్ట చింపి లెక్క రాశాడు.

బూస్టరు తుక్కు కొట్లోది.
ఏ బండిదో అడగలేదు నేను,
ఆ బండి ఎందుకు తుక్కయిందో అసలడగలేదు.
డిస్కులు కొనక్కర్లేదు, ఇంకా మందం ఉంది,
లేతు మీద పైపొర తీస్తే చాలు.
వెనక డ్రమ్ములకి లైనింగు.
పాత గొట్టం వేళ్ళతో వంచి చూపించాడు,
ఎండిన చిక్కుడుకాయలా ఎన్ని పగుళ్ళో.
ప్యాడ్లు మాత్రం కంపెనీవే, అక్కడ బేరం లేదన్నాడు.
అన్నీ కలిపితే తొమ్మిది వేల ఏడొందలు.
ఇద్దరం ఆ అట్ట వంక చూస్తూ నిలబడ్డాం.
తన కూలీ అంకె మీద అడ్డగీత పెట్టబోయాడు.
పెన్ను లాక్కుని
"మూడొందలు, వచ్చే నెల" అని రాశాను.

రెండోరోజు సాయంత్రం.
పనికుర్రాడు సినిమాకి జారుకున్నాడు.
"నువ్వే ఎక్కక్కా."
చక్రం పక్కన నేల మీద అతను,
మనిషి కనపడడు, గొంతొక్కటే.
తొక్కు. వదులు.
తొక్కు. వదులు.
తొక్కి పట్టుకో.
నట్టు వదలగానే
కాలి కింద పెడలు బురదలోకి దిగినట్టు దిగిపోయేది.
కూల్‌డ్రింకు సీసాలోకి సన్నటి గొట్టం,
అందులో కాఫీ డికాక్షన్ లాంటి పాత ఆయిలు,
దాని వెంట బుడగలు, వస్తూనే ఉన్నాయి బుడగలు.
"చూశావా? ఇన్నాళ్ళూ నువ్వు తొక్కింది
బ్రేకు కాదు, గాలి."
దూరపు చక్రం ముందు, దగ్గరది ఆఖర్న.
పిక్కలు పట్టేశాయి.
ఎదురు షెడ్డు వాళ్ళు షట్టరు దించేశారు.
తొక్కు. వదులు. తొక్కి పట్టుకో.
ఎప్పుడు ఆగాయో బుడగలు,
అరికాలికి గట్టిగా ఏదో తగిలింది.
"రాయిలా ఉందా?"
"రాయిలానే ఉంది."

ఇంకా అయిపోలేదన్నాడు.
తెల్లారుజామున నాలుగున్నరకి
ఇన్నర్ రింగు రోడ్డు మీద నేనూ ఖాళీ సీట్లూ.
అరవైకి పో, ఇరవైకి తొక్కు, పూర్తిగా ఆపకు.
పదిసార్లు.
కొత్త ప్యాడు, గీరిన డిస్కు,
ఒకదానికొకటి అలవాటు పడాలంట.
పాల వ్యాను వాడు హారను కొట్టి దాటుకుపోయాడు,
తాగి నడుపుతున్నాననుకున్నాడేమో.
ఏడోసారికి కాలిన వాసన.
వస్తుందని చెప్పాడు, భయపడొద్దన్నాడు.
భయపడ్డాను.
పదీ పూర్తి చేశాకే ఇంటికొచ్చాను.

సోమవారం పొద్దున పిల్లలు బండంతా వెతికారు.
"ఏదో కొన్నావంట కదా, ఏదీ?"
సీట్ల కింద చూశారు, డ్యాష్‌బోర్డు కొట్టి చూశారు.
పాటల డబ్బా లేదని తేలాక
తరుణ్‌తేజ నాతో మాట్లాడ్డం మానేశాడు.

రింగు దగ్గర ఉన్నట్టుండి ఎర్ర దీపం.
ఒక్క కాలే పెట్టాను.
తెల్లగీతకి ఇవతలే నిలిచింది బండి.
వెనక సీటు కిందనుంచి ఒక నీళ్ళ సీసా
గడగడా దొర్లుకుంటూ వచ్చి
నా మడమకి కొట్టుకుంది.

"ఎవరిదిరా ఇది?"