ఉడుముల బోడు స్టేజీ

పదకొండేండ్ల సర్వీసు.
దేవరకొండ దాటి పోయేటప్పుడు ఎడమ దిక్కు,
తిరిగొచ్చేటప్పుడు కుడి దిక్కు,
రోజుకు నాలుగు పాలి ఆ గుట్ట ఎదురొచ్చేది.
నేను చిల్లర ఏరుకుంటుండేదాన్ని.
స్టేజీ అయితే ఉన్నది, ఉడుముల బోడు అని.
మిషన్ల నొక్కితే ఛార్జీ కూడ పడ్తది.
ఆడ దిగినోళ్లు నా లెక్కల ముగ్గురు:
ఒకాయన తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంట,
ఇద్దరు నిద్రల, పొరపాటున.

మొన్న బేస్తారం వీక్లీ ఆఫు.
ఖాకీ అంగి చిలుక్కొయ్యకే ఉంచి
మూడు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు మూటగట్టుకొని
నా బస్సే ఎక్కిన, ప్యాసింజరు లెక్క.
"ఈడేం పని మేడమ్?" అన్నడు డ్యూటీల ఉన్న సైదులు.
పని అని చెప్పనీకి ఏం లేకుండె.
ఆపు, అన్న.
బస్సు పోయినంక చెవులల్ల ఇంజను కొంచెంసేపు నడిచింది,
తర్వాత అదీ బందయింది.

తొవ్వ లేదు.
ఆరు మేకలున్నయి, వాటి ఎన్క తండా నుంచి కేస్లి.
"తొవ్వ ఏది పెద్దమ్మా?"
"మేక పోయింది కద, అదే."
గంత నిటారు బండ మీదికి మేక ఎట్ల పోయిందో
నేనూ నాలుగు కాళ్ల మీద పోయి తెలుసుకున్న.
సందు సందుకు సీతాఫలం చెట్లు,
కన్ను విచ్చిన కాయలు, చీమలు ముందే చేరినయి.
రెండు చోట్ల కూసున్న. మూడో చోట పండుకున్న.
బండ నా వీపును కాల్చుకుంట, ఓర్చుకుంట ఉన్నది.

అక్కడ అడిగింది కేస్లి, కట్టె మీద గడ్డం ఆనిచ్చి:
"నువ్వు టికెట్ బాయివి కద?"
ఔనన్న.
"నా మేకపిల్లకు టికెట్ కొట్టినవు. సంకల ఉన్నదానికి."
నాకు యాదికి లేదు.
రూలు అనే మాట నోటిదాక వచ్చి ఊపిరి చాలక ఆగింది.
"దాని మనుమరాలే అది" అని
నా నెత్తి పైన బండ మీద నిలబడ్డ తెల్లమచ్చదాన్ని చూపెట్టింది.
అది నన్ను చూసుకుంటనే నెమరేసింది.

శిఖరం అంటే ఏదో అనుకున్న.
రెండు బస్సులు పట్టేంత చదును బండ.
వాననీళ్లు నిలిచిన దోన, దాంట్ల తోకకప్పలు.
ఒక మూలకు రాతిల చెక్కిన పులిమేక గీతలు,
గీతలల్ల ఎండిన నాచు.
ఎవరో ఎప్పుడో పొద్దుపోక ఈడ కూసున్నరు.
ఒక్కరే అయితే గియ్యరు. ఇద్దరై ఉంటరు.

రొట్టె సగం ఆమెకు, పండు సగం నాకు.
ఉమ్మిన గింజలు మేకలైనయి.
మూడు రాళ్లు పులులు, అవి నాకిచ్చింది.
తను మేకలనే తీసుకున్నది, ఇంకేం తీసుకుంటది.
నాలుగింటిని మింగిన.
మింగిన ప్రతి పాలి కేస్లి నిజంగనే అయ్యో అన్నది.

పన్నెండు నలభైకి కింద బస్సు వచ్చింది,
తుమ్మల నడుమ పేను లెక్క పాక్కుంట.
అండ్ల నిలబడి చిల్లర ఏరేది నేనే అనిపించింది,
ఎందుకో లేచి చెయ్యెత్తిన.
పదకొండేండ్లు చెయ్యెత్తినోళ్లను ఫుట్‌బోర్డు మీదికెల్లి చూసిన.
కొందరికి ఆపించిన,
నిండిందని కొందరి ముంగట విజిలు కొట్టి పోనిచ్చిన.
ఎత్తిన చెయ్యి ఇంత బరువుంటదా.
బస్సు మలుపు తిరిగింది.
కూసునేసరికి మూడు పులులూ
కదలకుండ కట్టేసి ఉన్నయి.

దిగుడు గురించి చెప్పను. మోకాళ్లకు తెల్సు.
స్టేజీ కాడ రాయి మీద గంటన్నర కూసున్న,
నాలుగింటి బస్సు ఆపాల్నా వద్దా అని
డ్రైవరు ఇరవై గజాలు ముందుకు పోయినంక ఆపిండు.
ఉరికిన.

శుక్రారం డ్యూటీల,
వంగూరు పోయే ముసలాయనకు రెండు రూపాయలియ్యాల.
సంచిల చెయ్యి పెడితే
బిళ్లల నడుమ నల్లగ, నున్నగ ఒక మేక.
ఇది ఏ గీత మీద నిలబడ్డదో అని
తల ఎత్తి కిటికీల చూసే వరకు
గుట్ట దాటిపోయినం.