మూడో దెబ్బ

గెజీనే దుకాణానికి తలుపు గంట లేదు.
తోసుకుని లోపలికెళ్తే గడప దగ్గర చెక్క ఒకటి కుంగుతుంది,
ఆ కుంగుడు నేలంతా పాకి, బల్ల కాలెక్కి
ఆమె మోచేతికి చెబుతుంది, ఎవరో వచ్చారని.

వెర్నిగెరోడెలో ఫిబ్రవరి.
బూట్ల మంచు దులుపుకుని
నా బొమ్మ ఇంజన్ని బల్ల మీద పెట్టాను,
కాగితం మీద రాశాను:
మలుపులో మూగబోతుంది.
మిగతా దారంతా
గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు.
ఆమె చదివి, కింద రాసింది:
ఎన్నాళ్ళ నుంచి?

చెవిటివాడి ముందు శంఖం ఊదడం గురించి
సామెత కట్టినవాడెవడో
ఈ బల్ల దగ్గర ఓ పావుగంట
కూర్చోవలసింది.

ముందు చక్రాలు.
స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లకి
రెండు చలికాలాల మసి అంటింది.
మలుపులో కరెంటు అందక
డీకోడర్ రెప్పపాటు నిద్రపోతోందట,
ఉలిక్కిపడి లేచి
కథ మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటోందట.

అది సగం రోగమే.
నాలుగు మరలు విప్పి పైడొప్ప ఎత్తింది.
స్పీకర్‌కి మల్టీమీటర్ ముళ్ళు ఆనించింది:
ఏడున్నర ఓములు. ప్రాణముంది.
డొప్ప అంచు కింద నలిగిన ఎర్రతీగ
ఒక్క రాగి పోగు మీద వేలాడుతోంది.
సోల్డర్ పొగ సన్నగా లేచింది,
పొగ కనబడితే చాలు, నా చెయ్యి ఇప్పటికీ
పార కోసం వెతుక్కుంటుంది.

తర్వాత, పల్చటి కాగితం స్పీకర్ మీద పరిచి
చిటికెడు ఉప్పు చల్లింది.
కూత వేయించింది.
ఉప్పంతా ఒకే పక్కకి పరుగెత్తింది.
అదిగో, పెట్టెకి అక్కడ సందు,
ఊపిరంతా అటే జారిపోతోంది.
మైనం ముద్ద వేళ్ళ మధ్య నలిపి అదిమింది.
ఈసారి ఉప్పు నిటారుగా లేచింది.
కుర్చీలో నేను కూడా.

పట్టాల మీద నడిపించింది.
చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు దెబ్బలు:
భస్, భస్, భస్, భస్.
నాలుగూ ఒకే తూకం, సిపాయిల కవాతులా.
డొప్ప మీద వేలుంచి ఆమె నవ్వింది.
నేను తల అడ్డంగా ఊపాను.

ఇరవై ఆరేళ్ళు కొండ మీదికి బొగ్గు తోశాను.
మా ఇంజన్ ఇలా నడవలేదు ఏనాడూ.
దానికి మూడో దెబ్బ నీరసం.
కవాటం ఎవరు సరిచేసినా
వారం తిరక్కుండా మళ్ళీ అదే తీరు,
మెట్లెక్కే మనిషి ఒక మోకాలిని
కాచుకుంటున్నట్టు.
ఇదంతా ఎలా రాయను?
పెన్సిలు గాల్లో ఆగిపోయింది.

ఆమె అరచెయ్యి చాపింది.
వేలి కణుపుతో కొట్టాను:
భస్. భస్. భ... భస్.
కళ్ళు మూసుకుంది.
మూడో విడతకి ఆమె ఎడమచెయ్యి
బల్ల మీద నాతో కలిసింది.
ఐదో విడతకి నేను ఆపేశాను, అది ఆపలేదు,
షీర్కె స్టేషన్ దాటాక ఎత్తు తగిలేచోట
నెమ్మదించింది కూడా.
ఆ సంగతి నేను చెప్పనేలేదు.

కంప్యూటర్లో ఏవో అంకెలు దించింది.
కాగితం నా వైపు జరిపింది:
రోగం కుదర్చడానికి అరగంట,
తిరిగి తెప్పించడానికి ముప్పావుగంట.

కుంటుకుంటూ బయల్దేరింది నా ఇంజన్.
చలికాలం కదా, ముక్కు చీదుకోవడానికి
కిటికీ వైపు తిరిగాను.

బిల్లులో తీగ ఉంది, మైనం ఉంది, పని ఉంది.
ఉప్పు లేదు. మూడో దెబ్బ లేదు.
చిల్లర లెక్కపెడుతోంటే
ఆమె వేలు ఠక్కున పైకి లేచింది.
నాకేం వినబడలేదు.
కాగితం లాక్కుని రాసింది:
నాలుగుంపావు బండి. రెండు నిమిషాలు ఆలస్యం.
ఇవాళ బొగ్గు వేసేది ఎవరో కొత్తవాడు.

కూత ఆ తర్వాత వచ్చింది.