పదహారు పేజీలు లేని బంగళా

జహంగీర్ భాయ్ పంక్చర్ దుకాణంల
పాత ట్యూబుల కింద, సొల్యూషన్ వాసనల
పుస్తకాలుండేటివి. రోజుకు పావలా.
అట్ట మీద బంగళా, బంగళా మీద రాత్రి,
ఒక్క కిటికీల మాత్రం పసుప్పచ్చ వెలుగు.

చండూరుల మాది ఒకటే అర్ర.
సగం మగ్గానిది.
మిగిలిన సగంల పొయ్యి, బియ్యం డబ్బ, మేం నలుగురం.
దయ్యమొచ్చినా నిలబడ జాగ లేదు.
"గా బంగళకు ఎన్ని అర్రలే?"
కండె మార్చుకుంట అడిగేది అండాలత్త.
పదమూడు అంటే
"ఊడ్చెటోళ్లెవరో పాపం" అనేది.

నేను చదవాలె, ఆమె నెయ్యాలె.
గుంటల కాళ్లు పెట్టి
మోకాళ్ల దాకా చీకట్ల ఉండి వినేది.
కథల మేడ మీద ఎవరన్న నడిస్తే
నాడె కొంచెం మెల్లగైతుండె.

నెత్తురుకు భయపడలే ఆమె.
రంగు బానల చేతులు ముంచెటోళ్లకు
ఎరుపంటే ఏం భయం?
అస్థిపంజరం నిటారుగ నడిచొచ్చిందని చదివితే
పడీ పడీ నవ్వింది.
"ఏ ఊరి నీళ్లు తాగిండో, అదృష్టవంతుడు.
మన వీధిల బతికున్నోళ్ల ఎముకలే వంగిపాయె."

మరి ఎక్కడ జడుసుకునేదంటే,
నిన్న గొళ్లెం పెట్టిన తలుపు
ఇయ్యాల జానెడు తెరిచి ఉన్న కాడ.
ఇద్దరే తిన్న ఇంట్ల
మూడో కంచం తడిగున్న కాడ.
పిలిచిన గొంతు మనోళ్లదే,
మనోళ్లేమో మన పక్కనే నిద్రపోతున్నరు,
అట్లాంటి కాడ.
నాడె చేతిలనే ఆగిపోయేది.

సేటు పొద్దుగాల్నే చీర కావాలన్న రాత్రుల్ల
ఆమెకొక ఉపాయముండె.
"వాడు గొళ్లెం మీద చెయ్యేసిండు" అని నేను చదవంగనే
"ఆడ ఆపు" అనేది.
"ఇగ నిద్ర రాదు."
తెల్లారేదాక నేసేది.
భయం మాకు చాయ కంటే చవుక.

ఒకనాడు కరెంటు పోయింది.
మగ్గం ఆగింది.
పుట్టినకాంచి ఆ చప్పుడు కిందనే పెరిగినదాన్ని,
అది లేకుంటే ఇల్లు ఎంత పెద్దగైతదో
అప్పుడే తెలిసింది.
పదమూడు అర్రలు మాకూ ఉన్నయి.
"అత్తా?"
గుంటల తొక్కుడు చెక్క
ఒక్కపారి టక్కుమన్నది.
అదే గడియల గడప కాడ అగ్గిపుల్ల వెలిగింది.
వెలుగుల అత్త మొకం.
ఆమె అక్కడ. చప్పుడు ఇక్కడ.
"ఎల్క" అన్నది అత్త.
చానాసేపు ఇద్దరం
ఎల్క అన్న మాటనే పట్టుకోని కూసున్నం.

ఆ పుస్తకానికి ఆఖరి పదహారు పేజీలు లేవు.
భాయ్‌ని పోయి అడిగితే
"నేను పంక్చర్లేస్త బిడ్డా, పేజీలు కాదు" అన్నడు.

ముప్పై ఏండ్లకు
నల్లగొండ గడియారం సెంటర్ల, ఫుట్‌పాత్ మీద
అదే బంగళా, అదే పసుప్పచ్చ కిటికీ.
ఇరవై రూపాయలు.
బస్సుల నిలబడే చదివిన,
కనగల్ దాటక ముందే అయిపోయింది.
దయ్యం కాదట.
ఎస్టేట్ గుమస్తా అట.
తెల్ల దుప్పటి, ఒక వీలునామా,
ఇన్‌స్పెక్టర్ రెండు పేజీలు వివరించిండు.
నా సీటోడెవడో దిగిపోయినట్టయింది.
పుస్తకం బస్సులనే ఇడిచిపెట్టిన.

అత్తకిప్పుడు చూపు ఆనదు.
మగ్గం అమ్మినం, గుంట పూడిచి బండలేసినం.
నా అడుగుల చప్పుడు పట్టి అడిగింది,
"వాడు తలుపు తీసిండానే?"
"ఇంకా లేదత్తా. గొళ్లెం మీదనే ఉన్నది చెయ్యి."
"ఉండనీ" అన్నది, సంబరంగ.

గుంటున్న జాగల
ఒక్క బండ మాత్రం బోలుగ మోగుతది.
అత్తకు చూపు లేదు, నాకున్నది.
ఇద్దరం దాని పక్కపొంటే నడుస్తం.