గోరు కనబడేలా

కట్లగది తలుపు తియ్యగానే
స్పిరిట్ వాసనకంటే ముందు జీడిపొగ వస్తుంది.
పలాసలో అంతే.
కిటికీలు మూసినా కాశీబుగ్గ వైపు గాలి
నాకంటే ముందు డ్యూటీ ఎక్కేస్తుంది.

బుధవారం. ముప్పై నాలుగు కట్లు.
బండి మీంచి పడ్డ మోకాలు,
కొబ్బరిదింపులో చీరుకుపోయిన మడమ,
టేకుచేప ముల్లు దిగిన బారువ జాలరి పిక్క.
మా దగ్గర పిక్కలు రెండు రకాలు,
ఒకటి కాలికి ఉంటుంది,
ఒకటి చేతిని తింటుంది.
షుగరున్న మేస్టారు తన పుండు వైపు చూడరు,
కట్టు అయ్యేదాకా గోడమీది కేలండరు
తిథులతో సహా చదువుతారు.

దాలమ్మ ఎప్పుడూ చివరే.
"నాదేటుందమ్మా, ముందు ఆళ్ళకి కట్టీ"
అని బెంచీ కొసన కూకుంటుంది,
కుడిచెయ్యి కొంగులో దాచుకుని
ఎవరిదో పసిబిడ్డని కాసేపు ఎత్తుకున్నట్టు.

మొన్నటి గుడ్డ అంటుకుపోయింది.
లాగకూడదు.
ఈ పని నేర్పిన జోగులు గారు
రిటైరయ్యేదాకా ఒక్కటే మాట అనేవారు:
"తొందర నీది, తోలు ఆళ్ళది."
సెలైను చుక్కచుక్కగా పోస్తాను.
గుడ్డ నానేదాకా కబుర్లు.
ఉడికిన పిక్కని కత్తి కింద పెట్టి
కాలితో తొక్కాలట.
బూడిద రాసుకున్నా నూనె ఆగదట.
గుండు గుండుగా రావాలి,
బద్దైతే మేస్త్రీ కళ్ళు ఎర్రబడతాయట.
"కాలినప్పుడు తెలీదమ్మా,
రేతిరి కూరన్నం కలిపినప్పుడు తెలస్తాది."

గుడ్డ వదిలింది.
లోపల తడి ఉల్లిపొరలా కొత్త తోలు,
చుట్టూ ఏళ్ళనాటి నలుపు.
ఆ నలుపుకి నా ట్రేలో మందు లేదు.
నడుమ నుంచి బయటికి తుడుస్తాను,
దూది ఒకసారి పోయిన దారిన మళ్ళీ పోకూడదు.

మందు, గాజుగుడ్డ, చుట్టు మీద చుట్టు.
బొటనవేలి దగ్గరికి రాగానే
చెయ్యి వెనక్కి లాక్కుంది.
"ఇదొగ్గీ తల్లీ.
రేపు బియ్యం బండొస్తాది, ఏలుముద్దరెయ్యాల."
"పుండు దానికే కదా?"
"అందుకే."

ఆ వేలుని ట్యూబులైటు కిందికి పట్టి చూశాను.
సుడి లేదు, గీత లేదు,
అరిగిపోయిన రూపాయి బిళ్ళ.
"దీనికి మిషను పలుకుతుందా?"
"తుడిసి, ఊది, మళ్ళీ నొక్కితే
ఒక్కోపాలి పలుకుతాది.
పదిసార్లు నొక్కిత్తాడు పాపం, ఆడు మంచోడే.
రెండు నెల్లయి మాత్రం పలకనేదు."

పుండు మూసి ఉంచాలని మాకు చెప్పారు.
పది కేజీల బియ్యం గురించి ఏమీ చెప్పలేదు.
బొటనవేలికి విడిగా ఓ తొడుగు కట్టాను,
ఎడంచేత్తోనూ పళ్ళతోనూ
విప్పి మళ్ళీ వేసుకునే ముడితో.
"ముద్ర అవగానే తొడుక్కో. మట్టి తగలనీకు."
"అలగే" అంది, అందరూ అనేలాగే.

మిగతా వేళ్ళకి మామూలు కట్టే,
గోళ్ళు కనబడేలా.
కట్టు బిగిసిందో లేదో గోరే చెప్పాలి.
ఒక్కో గోరూ నొక్కి వదిలాను.
తెల్లబడింది, ఎర్రబడింది.
తెల్లబడింది, ఎర్రబడింది.
నాకున్న మిషను ఇదే.
దీని మీద దాలమ్మ
మొదటిసారికే పలికింది.

శుక్రవారం మళ్ళీ వచ్చింది, చివరే.
తొడుగు ముడి నాది కాదు.
గాజుగుడ్డ మడతలో
ఒక బియ్యపు నూక ఇరుక్కుని ఉంది.
బండిదో, పక్కింటి చేబదులుదో.
నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
గుడ్డ మళ్ళీ అంటుకుపోయింది.
సెలైను సీసా అందుకున్నాను.